త్రీడీ బాబాయి ల్యాప్‌టాప్ ప్రతాపం

త్రీడీ బాబాయి మాట్లాడటం మొదలుపెడితే, ఒక్క గ్లాసు టీ కోసం వచ్చినవాళ్లు మూడు గ్లాసులు తాగితే గానీ లేవరు. అందుకే టీ కొట్టాయన ఆ కోతలకి ఏనాడూ అడ్డు చెప్పలేదు. పైగా బల్ల మీద ఆయన కూర్చునే చోటు రోజూ రెండుసార్లు తుడిచి పెట్టేవాడు.

బాబాయికి యాభై రెండేళ్లు. ఇంకా కట్టని ఇళ్లని కట్టేసినట్టు కంప్యూటర్‌లో చూపించడం ఆయన పని. పునాది కూడా తవ్వని స్థలం యజమానికి, ఇదిగో మీ హాలు, ఇదిగో మీ వంటింటి కిటికీలోంచి పొద్దుటెండ ఇలా పడుతుంది అని వీడియోలు చేసిస్తాడు. టీ కొట్టు పైన రెండో అంతస్తులో ఉన్న ఇంజనీరమ్మ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా అదే కొలువు. వీధిలో అందరికీ ఆయన బాబాయే. ఆయనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన మేస్త్రి కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. మేడ కింద జిరాక్స్ కొట్టు నడిపే ఆవిడ ఆయనకంటే పదేళ్లు చిన్నదైనా, వీధంతా అక్క అంటుంది కాబట్టి ఆయనా అక్కా అనే అంటాడు.

ఆ సోమవారం పొద్దున పదింటికి బాబాయి భుజాన ల్యాప్‌టాప్ సంచీతో వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. మామూలుగా ఆ సంచీ మోస్తే భుజం వాచిపోతుంది. ల్యాప్‌టాపే మూడున్నర కిలోలు, దాని చార్జర్ ఇంకో కిలో. ఇవాళ కిలో తక్కువుంది. ఆ తక్కువైన కిలోనే ఆయన ప్రాణాన్ని తోడేస్తోంది.

చార్జర్ శుక్రవారం నుంచి కనపడట్లేదు. అది ఎక్కడపడితే అక్కడ దొరికే చార్జర్ కాదు, ఇటుకంత ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ కదా, మామూలు చార్జర్ల పిన్ను దానికి దూరదు, దూరినా ల్యాప్‌టాప్ ఆన్ అవదు. కొత్తది తెప్పించాలంటే నాలుగు రోజులన్నారు. బ్యాటరీలో మిగిలింది పదకొండు శాతం. పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు వీడియో ముప్పావు వంతు అయింది, ఇంకా గంట పని మిగిలింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ అపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి కూర్చుంటారు. సైటంతా వెతికాడు, చెల్లెలింట్లో మంచాల కింద దూరి చూశాడు, ఆఫీసు బల్లలు జరిపాడు. శుక్రవారం ఇంకా ఎక్కడెక్కడ కూర్చున్నాడో ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. ఎవరినైనా అడగొచ్చు. కానీ అడిగితే, బాబాయి చార్జర్ పారేసుకున్నాడన్న మాట అరగంటలో ఇంజనీరమ్మ చెవిన పడుతుంది.

అలా పడితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. రెండు నెలల కింద పాత కంప్యూటర్ చచ్చిపోయినప్పుడు, మీకేం కావాలో మీరే ఎంచుకోండి బాబాయ్ గారూ అంది ఇంజనీరమ్మ. ఆఫీసంతా డెస్క్‌టాప్ అంది. బాబాయి ఒక్కడూ గేమింగ్ ల్యాప్‌టాప్ అన్నాడు, పట్టిన పట్టు వదల్లేదు. కీబోర్డు కింద ఎర్ర లైట్లు వెలిగే ఆ యంత్రాన్ని చూసి నవ్వనివాళ్లు లేరు. మొన్న శుక్రవారం ఇంజనీరమ్మ తేల్చి చెప్పేసింది. సోమవారం మధ్యాహ్నానికి వీడియో చేతికి రాకపోతే, ల్యాప్‌టాప్ పక్కన పెట్టించి వెనక గదిలో డెస్క్‌టాప్ పెట్టిస్తానంది. కంప్యూటర్ మెకానిక్ వచ్చి వెనక గదిలో బల్ల కొలతలు కూడా తీసుకుపోయాడు.

ఆ వెనక గది పేరు వింటేనే బాబాయికి ఊపిరాడదు. దానికి కిటికీ లేదు. గోడ అవతల టాయిలెట్టు, పగలంతా పైపుల్లో నీళ్ల చప్పుడు. బయట వానొచ్చిందని లోపలికొచ్చినవాళ్ల గొడుగులు చూసి తెలుసుకుంటూ పంతొమ్మిదేళ్లు అందులోనే కూర్చున్నాడు.

ఇప్పుడు అదే మెకానిక్ ఎదురు బల్ల మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. పక్కన మేస్త్రి ఉన్నాడు. చేతిలో బరువైన గుడ్డ సంచీతో జిరాక్స్ అక్క వచ్చి బల్ల చివర కూర్చుంది. ఆ వెనకే ఇంజనీరమ్మ మెట్లు దిగి వచ్చి, టీ చెప్పి, నిలబడే అడిగింది.

"వీడియో అయిందా బాబాయ్ గారూ?"

"అయినట్టేనమ్మా."

"అయినట్టా, అయిందా?" అన్నాడు మెకానిక్.

బాబాయికి ఒళ్లు మండింది. అయినా వీడెవడు నన్నడగడానికి అనుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, సంచీ ఒళ్లోకి లాక్కుని, గొంతు సవరించుకున్నాడు. ఇక ఆగుతాడా.

"అయిందా అని అడుగుతున్నావా, నా ల్యాప్‌టాప్ గురించి నీకేం తెలుసని అడుగుతున్నావు, శుక్రవారం పొద్దున సైటులో ఏం జరిగిందో అసలు తెలుసా నీకు? నేనీ సంచీ మోసుకుంటూ వెళ్లి, ఇసక కుప్ప మీద కూర్చుని, తెరిచి, ఇదిగో ఈ మేస్త్రికి ఇంట్లోకి ఎలా వెళ్తామో చూపిస్తున్నాను. గుమ్మం దాటాం, హాలు దాటాం, మెట్లెక్కుతున్నాం, మలుపు తిరగ్గానే మేస్త్రి ఆగు అన్నాడు. చూస్తే ఏముంది, బీము కిందికుంది. ఎదిగిన మనిషి ఎక్కితే తల టంగుమని తగులుతుంది. స్లాబు పొయ్యడానికి ఇంకా వారమే టైము. అదీ నా ల్యాప్‌టాప్ పట్టుకున్న తప్పు."

"పట్టుకుంది నేను," అన్నాడు మేస్త్రి.

"నువ్వు పట్టుకున్నావు, అది చూపించింది. డెస్క్‌టాప్ అయితే నిన్ను వెనక గదికి పిలుచుకురావాలా, నువ్వు బురద కాళ్లతో వచ్చేవాడివా?"

"రాను," అన్నాడు మేస్త్రి.

"విన్నారా. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటావిడ వచ్చింది. గోడ రంగు నచ్చలేదంది. అక్కడికక్కడే మార్చాను. వాళ్లత్తగారు వచ్చింది, కోడలికి నచ్చిన రంగు ఆవిడకి నచ్చలేదు, మళ్లీ మార్చాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు, మాదీ చూపించండి అన్నారు. ఆ పక్క వీధివాళ్లు, ఈ పక్క వీధివాళ్లు, ఒకళ్లు కుర్చీ తెచ్చుకున్నారు, ఒకళ్లు ఇంటి కాగితాలే తెచ్చేశారు. సాయంత్రానికి ఇసక కుప్ప మీద కూర్చునే పదిహేడిళ్లకి త్రీడీ గీసిపారేశాను."

"పదిహేడిళ్లా?" అంది ఇంజనీరమ్మ.

"పద్దెనిమిదోదానికి స్థలం లేదమ్మా, అద్దెకుంటున్నారట. వాళ్లకీ గీసిచ్చాను, ఎప్పటికైనా కట్టుకుంటారని."

టీ కొట్టాయన కిసుక్కున నవ్వి పాలు పొంగకుండా మంట తగ్గించాడు. మేస్త్రి పదిహేడు మాట విని గడ్డం గోక్కున్నాడు. మెకానిక్ మాత్రం ముందుకి వంగాడు.

"అది సరే బాబాయ్. ఈ గేమింగ్ ల్యాప్‌టాపులు పని ఎక్కువ పెడితే పెనంలా కాలతాయి కదా. పదిహేడిళ్లు గీస్తే నీ తొడలు కాలలేదా?"

నిజానికి బాబాయి తొడ మీద ఎర్రటి మచ్చ ఇంకా మానలేదు. కానీ ఒప్పుకునే మనిషైతే బాబాయి ఎందుకవుతాడు.

"కాలడమా. ఒరేయ్ నాయనా, నీ డెస్క్‌టాపులు కాలతాయి, వాటికి డొక్కు ఫ్యాన్లు బిగించేది నువ్వు కాబట్టి. నాది చల్లన. ఎంత చల్లనంటే, శనివారం మా ఇంట్లో సీలింగు ఫ్యాను ఆగిపోతే మీ పిన్నీ నేనూ దీన్ని మధ్యలో పెట్టుకుని పడుకున్నాం. రెండు గంటలకి ఆవిడ లేచి, కాస్త తగ్గించండీ వణుకొస్తోంది అంది. దుప్పటి కప్పుకున్నాం. చప్పుడా, ఊసే లేదు. చీమ నడిస్తే దాని అడుగులు వినపడతాయి, దీని ఫ్యాను వినపడదు."

"మరి అంత చల్లగాలి ఎట్లా వచ్చింది, ఫ్యాను గట్టిగా తిరగకపోతే?" అంది జిరాక్స్ అక్క.

"అదే దాని గొప్పతనం అక్కా. గాలి తోలుతుంది గానీ చెప్పుకోదు. ఆదివారం సైటులో కొత్తగా చేసిన ప్లాస్టరింగు ఆరలేదని మనవాళ్లు తల పట్టుకుంటే, గోడకి ఎదురుగా దీన్ని తెరిచిపెట్టాను. టీ తాగొచ్చేలోపు నాలుగ్గోడలూ ఆరిపోయాయి. పైపెచ్చు సున్నం కూడా వేసెయ్యొచ్చన్నారు."

"ఆదివారం సైటుకి సెలవు కదా?" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

"నీకు సెలవు, నాకెక్కడిది?"

మేస్త్రి మళ్లీ గడ్డం గోక్కున్నాడు. బాబాయి ఆ గోకుడు చూశాడు. ఇక్కడితో ఆపి లేచిపోదామనుకున్నాడు. కానీ ఇంజనీరమ్మ గడియారం చూసుకుంటోంది, మెకానిక్ మూతి మీద నవ్వు చెరగట్లేదు. ఇప్పుడు లేస్తే ఓడినట్టే. ఓడితే మళ్లీ ఆ గది, ఆ పైపుల చప్పుడు, ఆ గొడుగులు. ససేమిరా లేవనని ఇంకాస్త స్థిరంగా కూర్చున్నాడు.

"చల్లదనం సంగతి వదిలెయ్," అన్నాడు మెకానిక్. "స్పీడు మాటేంటి? డెస్క్‌టాప్‌లో ఉన్న బలం ల్యాప్‌టాప్‌లో ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్నెండంతస్తుల వీడియో అంటే ఎన్ని గంటలు నమిలింది?"

"గంటలా," అని బాబాయి జాలిగా చూశాడు. "ఎంచుకునేటప్పుడు నేనేం చూసి ఎంచుకున్నాననుకున్నావు? ఎర్ర లైట్లు చూసి మురిసిపోయాననుకున్నావా? దుకాణంలో పదకొండు పెట్టెలు తెరిపించాను. ఒక్కోదాని వీపు నిమిరి చూశాను. గ్రాఫిక్స్ కార్డు ఎంతది, దానికి కరెంటు ఎంత తాగనిస్తున్నారు, మెమరీ తర్వాత పెంచుకోవచ్చా, తెర మీద నలుపు నలుపేనా బూడిదా, అన్నీ అడిగాను. నాలుగు గంటలు అడిగాను. దుకాణం కుర్రవాళ్లు ముగ్గురు మారారు, నేను మారలేదు. చివరికి వాళ్ల ఓనరు వచ్చి, అయ్యా మీరే మా దగ్గర పనిలో చేరండి అన్నాడు. చేరతానా. దీన్ని చంకనబెట్టుకుని వచ్చేశాను. అలాంటి యంత్రానికి పన్నెండంతస్తులు ఒక లెక్కా? శనివారం పొద్దున బటన్ నొక్కుదామని వేలు పెట్టాను, ఇంకా నొక్కలేదు, తెర మీద అయిపోయింది అని వచ్చింది."

"నొక్కకముందేనా?"

"నేను నొక్కుతానని దానికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి ఊరికే కూర్చోవడం చేతకాదు. నేను స్నానానికెళ్లొచ్చేసరికి పన్నెండు మీద ఇంకో నాలుగంతస్తులు లేపేసింది. పదహారు. నేను గియ్యలేదు, అమ్మతోడు. పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయని దానికి నచ్చలేదేమో, మనుషుల్ని కూడా పెట్టేసింది. ఆరో అంతస్తులో ముసలావిడ బట్టలారేస్తోంది. తొమ్మిదిలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారు, తలుపేసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ ముసలావిడని నేను సరిగ్గా గుర్తుపట్టాను. రేపు ఆ ఫ్లాటు కొనబోయేది ఆవిడే."

టీ కొట్టాయన నవ్వాపుకోలేక స్టవ్వు పట్టుకున్నాడు. ఇంజనీరమ్మ పెదాలు కూడా కదిలాయి. ఆ కదలిక చూసి బాబాయికి ఏనుగెక్కినంత సంబరమైంది, కాసేపు చార్జర్ సంగతే మర్చిపోయాడు.

మెకానిక్ మర్చిపోనివ్వలేదు.

"ఇంత బలముంది కదా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? నాకు తెలిసి ఇలాంటివాటికి పని పెడితే ముప్పావుగంట. చార్జర్ తీసిన మరుక్షణం సగం బలం చస్తుంది. చార్జర్ లేకపోతే అది ఇటుకతో సమానం. అవునా కాదా?"

చార్జర్ అన్న మాట వినగానే బాబాయి సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. అక్క ఒళ్లో గుడ్డ సంచీ సర్దుకుంది. ఇంజనీరమ్మ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి బాబాయి ముఖంలోకే చూస్తోంది. అవును అంటే అయిపోయింది. ఆయన అవును అనలేదు.

"చార్జరా? అది దుకాణంవాళ్లు బలవంతం చేస్తే తెచ్చుకున్నాను గానీ, నాకెందుకు చార్జరు?" అన్నాడు. "నిన్న ఆదివారం సాయంత్రం మా వీధి వీధంతా కరెంటు పోయింది. లిఫ్టు మధ్యలో ఆగింది, అందులో నలుగురున్నారు. మోటారు లేదు, నీళ్లు లేవు, జనం గగ్గోలు. నేను ఏం చేశాను? నా ల్యాప్‌టాప్ తెచ్చి లిఫ్టు వైర్లకి తగిలించాను. లిఫ్టు కదిలింది. కదలడమంటే మామూలుగా కాదు, ఐదో అంతస్తువాణ్ణి ఏడులో దింపింది. మోటారుకి తగిలించాను, ట్యాంకు నిండి పొర్లింది. ఇక వీధి దీపాలు. ఈ చివర నుంచి ఆ చివరకి పగలయిపోయింది, కాకులు లేచి అరిచాయి. కరెంటాఫీసువాళ్లు వచ్చి, మీరెవరయ్యా, మాకు చెప్పకుండా వీధికి కరెంటిస్తున్నారేంటి అని చేతులు పట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నీ అయ్యాక బ్యాటరీ ఎంతుందని చూశాను. మొదలుపెట్టినప్పుడు పదకొండు శాతం. అయ్యాక నూటపది. తగ్గడం కాదు నాయనా, పని చేసినకొద్దీ పెరుగుతుంది అది. చార్జర్ ముట్టుకుని ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. అసలు చార్జర్ అనేది ఉందని కూడా మర్చిపోయాను."

"ఆ ఒక్కటీ నిజం బాబాయ్," అంది జిరాక్స్ అక్క.

ఆవిడ గుడ్డ సంచీలో చెయ్యి పెట్టి, నల్లటి చార్జర్ తీసి బల్ల మీద పెట్టింది. ఇటుక పెట్టినట్టే చప్పుడైంది.

"శుక్రవారం మధ్యాహ్నం పైన కరెంటు పనులవుతున్నాయని నా కొట్లో కూర్చున్నావు కదా. నా జిరాక్స్ మిషన్ ప్లగ్గు పీకి ఇది పెట్టావు. ఏదో ఫోనొస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తావు. ఆ వెనకే నేనూ కొట్టు కట్టేశాను, శని ఆదివారాలు తియ్యలేదు. ఇందాక తీసి, మిషన్ ఎందుకు వెలగట్లేదా అని వంగి చూస్తే ఇది. ఇచ్చి పోదామని వచ్చాను. నువ్వేమో ఊరికే కరెంటిస్తున్నావు, మధ్యలో ఆపడం ఎందుకులే అని కూర్చున్నాను."

మెకానిక్ నవ్వడం మొదలుపెట్టాడు, టీ పొరబోయేదాకా నవ్వాడు. టీ కొట్టాయన అతని వీపు మీద చరిచాడు గానీ ఆయనా నవ్వుతూనే ఉన్నాడు. బాబాయికి తల కొట్టేసినట్టయింది. అయినా చెయ్యి మాత్రం చార్జర్ మీద పడింది, గట్టిగా పట్టుకుంది.

"ఒక్క మాట అడిగితే శనివారమే వచ్చి కొట్టు తెరిచి ఇచ్చేదాన్ని కదా," అంది అక్క మెల్లగా.

"వీడియో ఎంతయింది?" అంది ఇంజనీరమ్మ.

"ముప్పావు," అన్నాడు బాబాయి. గొంతు సగానికి తగ్గింది. "ఇంకా గంట పనుంది."

"మరి డెస్క్‌టాప్..." అని మెకానిక్ మొదలుపెట్టాడు.

"నువ్వాగు," అన్నాడు బాబాయి, లేచి నిలబడి. "అమ్మా, కోతలు కోశాను. కాలుతుంది, తొడ కాలింది. దీని ఫ్యాను అరుస్తుంది, మా ఆవిడ పక్క గదిలో పడుకుంటోంది. చార్జర్ లేకపోతే చచ్చిపోతుంది. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ గదిలోకి మాత్రం వెళ్లను. పంతొమ్మిదేళ్లు ఇళ్లు గీశాను, వాటిల్లో ఒక్కటి కూడా కడుతుంటే చూళ్లేదు. కిటికీ లేని గదిలో కూర్చుని వేరేవాళ్ల కిటికీలు గీసుకుంటూ బతికాను. రెండు నెలలుగా ఎండలో కూర్చుంటున్నాను. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి. వెళ్లను."

ఇంజనీరమ్మ మేస్త్రి వైపు తిరిగింది.

"ఇందాకటి నుంచి ఈయన చెప్పినదాంట్లో మీకు తెలిసి నిజమేమైనా ఉందా?"

మేస్త్రి గడ్డం గోక్కోవడం ఆపాడు.

"మెట్లది నిజమమ్మా. ఆ ప్లాను నా దగ్గర కాగితం మీద నెల రోజులుంది. రోజూ చూశాను, పట్టుకోలేకపోయాను. ఆ పెట్టెలో మెట్లెక్కి చూస్తే పట్టుకున్నాను. స్లాబు పోసేశాక తెలిసుంటే పగలగొట్టాల్సిందే. మిగతాదంతా కోతలే. ఇసక కుప్ప దగ్గర మేమిద్దరమే ఉన్నాం."

అక్క ఈలోపు బాబాయి చేతిలోంచి చార్జర్ తీసుకుని టీ కొట్టాయన రేడియో ప్లగ్గు పీకి అక్కడ గుచ్చింది. బాబాయి ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. ఎర్ర లైట్లు వెలిగాయి. తెర మీద వీడియో ఎంతయిందో చూపించే, ముప్పావు దగ్గర ఆగిన గీత మళ్లీ కదలడం మొదలైంది, దాంతోపాటు ఫ్యాను గుర్రుమని ఎత్తుకుంది. వీధికి అవతలి వైపు నడుస్తున్న ఇద్దరు ఆగి ఏం చప్పుడా అని చూశారు.

"చీమ ఒకటి నడుస్తున్నట్టుంది బాబాయ్," అన్నాడు టీ కొట్టాయన.

బాబాయి తల తిప్పలేదు, గీతనే చూస్తున్నాడు.

ఇంజనీరమ్మ మెకానిక్‌తో అంది. "మీరు ఆ బల్ల కొలతలు చింపెయ్యండి. ఈ ల్యాప్‌టాప్‌కి ఇంకో చార్జర్ తెప్పించండి."

"రెండోదా? ఎందుకు మేడం?"

"ఒకటి ఈయన సంచీలో ఉంటుంది. రెండోది వెనక గదిలో గోడకి మేకులు కొట్టి బిగించెయ్యండి." ఆవిడ మెట్లెక్కబోతూ ఆగింది. "ఆ గదిలో ఎవరో ఒకరు ఉండాలి కదా. బాబాయ్ గారికి బదులు అదుంటుంది."